ఇంట్లో స్కానర్ మీద పాత నెగెటివ్‌లు: గీతలు, వలయాలు, 6400 డీపీఐ సంగతి

బురుజునీడ, కర్నూలు

అందరికీ నమస్కారం. నాన్నగారి బీరువా పై అరలో రెండు రకాల నెగెటివ్‌లు దొరికాయి. 1970లలో ఆయన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరాతో తీసిన నలుపు తెలుపువి చదరంగా, పెద్దగా ఉన్నాయి. రెండో రకం 1990ల నాటి రంగుల 35 ఎంఎం రీళ్లు. వాటిని ల్యాబు వాళ్లు నాలుగేసి, ఆరేసి ఫోటోల ముక్కలుగా కోసి ఇచ్చారు. చాలావాటికి ప్రింట్లు ఇప్పుడు మా ఇంట్లో లేవు. అందుకని ఎవరో వాడిన ఎప్సన్ వి600 స్కానర్ ఒకటి కొన్నాను. పని మొదలుపెట్టగానే చిక్కులు వరుస కట్టాయి.

రంగుల ఫిల్మ్ పెడితే రీలు పొడవునా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, వెంట్రుకవాసి గీత ఒకటి పడుతోంది. ముక్క మార్చినా గీత అదే చోట ఉంటోంది. పెద్ద నెగెటివ్‌లలో ఆకాశం ఉన్నచోట కిరసనాయిలు పడిన నీళ్ల మీద తేలేలాంటి వలయాలు వస్తున్నాయి. ధూళి పోతుందని డిజిటల్ ఐస్ పెట్టి చూస్తే మా తాతగారి తెల్ల పంచె నిండా పిచ్చి మరకలు. పెట్టె మీద 6400 డీపీఐ (అంగుళానికి 6400 చుక్కలు) అని రాసి ఉంది కదా అని అందులోనే చేస్తుంటే ఒక్కో రంగుల ఫోటో 300 ఎంబీ దాటుతోంది. కంప్యూటర్ మూలుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

నలుపుతెలుపు, హైదరాబాద్

ముందు గీత సంగతి. ముక్క మార్చినా అదే చోట పడుతోందంటే తప్పు ఫిల్మ్‌ది కాదు, స్కానర్‌ది. కెమెరాలోనో ల్యాబు యంత్రంలోనో గీసుకున్న గీతలు కూడా రీలు పొడవునానే ఉంటాయి కానీ, అవి ముక్కతోపాటు మారిపోతాయి.

ఫిల్మ్ హోల్డర్ పై అంచు దగ్గర ఏమీ లేని కిటికీ ఒకటి ఉంటుంది, చూడండి. స్కాన్ చేసే ముందు యంత్రం అక్కడ తన దీపం వెలుతురును కొలుచుకుంటుంది. ఆ కిటికీకి కింద గాజు మీద ఒక్క ధూళి కణం ఉన్నా, లేదా ఫిల్మ్ కొస జరిగి దాన్ని కాస్త కప్పినా, ఆ వరుసలోని సెన్సర్‌కు లెక్క తప్పుతుంది. ఆ తప్పు చివరిదాకా గీతగా సాగుతుంది. గాజు పై చివరను, మూతలోని దీపం గాజును మెత్తటి పొడి బట్టతో తుడవండి. మూత లోపలి తెల్లటి పలక తీసే ఉంటారు, లేకపోతే అసలు బొమ్మే రాదు.

ఐస్‌ను నలుపు తెలుపు ఫిల్మ్‌కు వాడకూడదు. అది పరారుణ కాంతితో పనిచేస్తుంది. రంగుల నెగెటివ్‌లో బొమ్మ రంగులతో ఏర్పడుతుంది కాబట్టి ఆ కాంతి బొమ్మను దాటిపోతుంది, ధూళి మాత్రమే అడ్డుపడుతుంది. నలుపు తెలుపులో బొమ్మ వెండితో ఏర్పడుతుంది, వెండి ఆ కాంతిని ఆపేస్తుంది. యంత్రం బొమ్మనే ధూళి అనుకుని చెరిపేయబోతుంది. తెల్ల పంచె అంటే నెగెటివ్‌లో అన్నిటికంటే చిక్కగా వెండి పేరుకున్న చోటు. అందుకే మరకలు అక్కడ పడ్డాయి. ఇల్‌ఫర్డ్ ఎక్స్‌పీ2 లాంటి కొన్ని నలుపు తెలుపు ఫిల్మ్‌లను రంగుల ఫిల్మ్ కడిగే సి-41 పద్ధతిలోనే కడుగుతారు. వాటికి ఐస్ పనిచేస్తుంది. మీవి 1970ల నాటివి కాబట్టి ఆ ప్రశ్న లేదు.

పిక్సెల్‌పురాణం, బెంగళూరు

6400 గురించి నేను చెబుతాను. అది సెన్సర్ మెట్లు వేసే లెక్క, కంటికి కనిపించే వివరం లెక్క కాదు. రిజల్యూషన్ కొలిచే పటం (యూఎస్‌ఏఎఫ్ 1951 అని ఒకటి ఉంది) పెట్టి పరీక్షించినవాళ్లు వి600 నిజంగా విడదీయగలిగేది 1500, 1600 దగ్గర ఆగుతుందని ఎప్పుడో తేల్చారు. రెండు కటకాలున్న వి850 లాంటివి 2300 దరిదాపులకు వెళతాయి. పెట్టె మీద మాత్రం రెండింటికీ 6400 అనే ఉంటుంది.

ఇప్పుడు లెక్క. 35 ఎంఎం ఫోటో కొలత 24 × 36 మిల్లీమీటర్లు. 6400లో చేస్తే అది దాదాపు 5.5 కోట్ల పిక్సెళ్లు. ఒక్కో రంగుకు 16 బిట్‌ల చొప్పున టిఫ్ ఫైలుగా దాస్తే సుమారు 330 ఎంబీ. ఇందులో చాలాభాగం మసక మీద మసక. 3200లో చేస్తే సుమారు 82 ఎంబీ, 36 ఫోటోల రీలుకు 3 జీబీ లోపు. ఆ తర్వాత సగానికి కుదించి చూడండి, పోయిన వివరం ఒక్కటి కూడా కనిపించదు. నిజమైన వివరం 1600 అనుకుంటే 35 ఎంఎంలో మీకు దక్కేది సుమారు 34 లక్షల పిక్సెళ్లు. 5 × 7 అంగుళాల ప్రింటుకు అది హాయిగా సరిపోతుంది. గోడకు వేలాడదీసే పెద్ద బొమ్మకు చాలదు.

పెద్ద నెగెటివ్‌ల దగ్గర కథ మారుతుంది. క్లిక్ 3 బొమ్మ ఒక్కో వైపు దాదాపు 56 మిల్లీమీటర్లు. అదే 1600లో కూడా ఒక్కో వైపు 3500 పిక్సెళ్లు దాటుతాయి. పైగా క్లిక్ 3కి ఉన్నది ఒంటి కటకం. మధ్యలో బాగానే ఉంటుంది, మూలలు కెమెరాలోనే మసకబారి వస్తాయి. దానికి 2400 పెట్టి మరిచిపోండి.

మాక్రోమూర్తి, విశాఖపట్నం

ఇంత తిప్పలెందుకండీ? ఆ స్కానర్‌ను ఎవరికైనా అమ్మేసి కెమెరాతో తీసుకోండి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా, ఒకటికి ఒకటి చూపే మాక్రో కటకం, కింద మంచి ఎల్‌ఈడీ పలక ఉంటే 35 ఎంఎంలో ఏ ఫ్లాట్‌బెడ్ (మీలాంటి గాజు పలక స్కానర్) అయినా దాని ముందు దిగదుడుపే. ఒక్కో ఫోటోకు సెకన్ల పని. నా రీళ్లన్నీ అలాగే చేశాను. ఫ్లాట్‌బెడ్ అనేది ఫైళ్లు, రసీదులు స్కాన్ చేసుకోవడానికి పుట్టిన వస్తువు.

పిక్సెల్‌పురాణం, బెంగళూరు

మూర్తిగారూ, 35 ఎంఎం పదును విషయంలో మీతో పేచీ లేదు. కానీ బురుజునీడ గారి దగ్గర ఉన్నది స్కానర్. మీరు చెప్పిన సరంజామాకు కెమెరా, కటకం, స్టాండు, దీపం, ఫిల్మ్‌ను చదునుగా పట్టే సాధనం, రంగులు తిప్పే సాఫ్ట్‌వేర్ కావాలి. వీటిలో ఏ ఒక్కటి నాసిగా ఉన్నా ఫలితం నాసిగానే ఉంటుంది. పైగా ఆ పద్ధతిలో ఐస్ ఉండదు. తేమ పట్టిన 1990ల రంగుల నెగెటివ్‌ల మీద మచ్చలను ఒక్కొక్కటిగా చేత్తో చెరుపుతూ కూర్చుంటే మీరు మిగిల్చిన సెకన్లన్నీ గంటలై తిరిగొస్తాయి.

మాక్రోమూర్తి, విశాఖపట్నం

ఐస్ మాట ఒప్పుకుంటాను, దానికి నా దగ్గర జవాబు లేదు. ఎవరైనా కెమెరా దారి పడితే మాత్రం ఒక చిట్కా. ఫిల్మ్ పెట్టే చోట చిన్న అద్దం ముక్క పెట్టి కెమెరాలోంచి చూడండి. కటకం ప్రతిబింబం సరిగ్గా నడిమధ్యన కనిపిస్తే కెమెరా, ఫిల్మ్ సమాంతరంగా ఉన్నట్టే. మట్టం పెట్టి కొలవడం కంటే ఇది నమ్మకం. దీపం కొనేటప్పుడు సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపుతుందనే కొలత) 95కు తగ్గకుండా చూసుకోండి.

పాతస్టూడియో, రాజమహేంద్రవరం

అమ్మా, వలయాల సంగతి ఎవరూ చెప్పలేదు. వాటిని న్యూటన్ వలయాలు అంటారు. రెండు నున్నటి తలాలు అంటీ అంటనట్టు ఉంటే మధ్యనున్న సన్నటి గాలిపొర రెండు వైపుల నుంచి తిరిగొచ్చే వెలుతురు కలిసి అలా వలయాలు కడుతుంది. నీ పెద్ద నెగెటివ్ హోల్డర్‌లో నడుము వంగి గాజుకు తాకుతోంది.

నెగెటివ్‌ను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడు. ఒక వైపు మెరుస్తుంది, అది ప్లాస్టిక్ వైపు. రెండో వైపు మసకగా, మెరుపు లేకుండా ఉంటుంది, ఎమల్షన్ (బొమ్మ ఉండే పూత) పూసింది ఆ వైపే. చుట్టుకుపోయే ఫిల్మ్ మామూలుగా ఎమల్షన్ వైపే ముడుచుకుంటుంది. స్కానర్ పుస్తకంలో మెరిసే వైపు కిందికి పెట్టమని ఉంటుంది. నువ్వు తిప్పి, మెరుపు లేని వైపు గాజుకేసి పెట్టు. ఆ వైపు నున్నగా ఉండదు కాబట్టి వలయాలు రావు. బొమ్మ అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారి వస్తుంది, కంప్యూటర్‌లో తిరగేసుకో. దానికంటే ముందు నెగెటివ్‌లను కవర్లలోనే పెట్టి, లావుపాటి పుస్తకాల కింద కొన్నాళ్లు ఉంచు. సగం వంకర అక్కడే పోతుంది.

ఇంకొకటి. స్టూడియోలో తీయించిన పెద్ద నెగెటివ్‌లేమైనా ఆ బీరువాలో ఉంటే తుడవడానికి తొందరపడవద్దు. ఆ రోజుల్లో ముఖాల మీద పెన్సిల్ పని చేసేవాళ్లం. ముందు ఎమల్షన్ మీద రీటచింగ్ మీడియం అని ఒక ద్రవం పలచగా రాస్తే పెన్సిల్ పట్టు దొరుకుతుంది. గరుకు కాగితం మీద పెన్సిల్ మొనను సూదిలా అరగదీసి, కళ్ల కింద నలుపు మీద, మశూచి మచ్చల మీద చుక్కలు చుక్కలుగా వేసేవాళ్లం. నెగెటివ్‌లో ఎంత నల్లబడితే ప్రింటులో అంత తేటపడుతుంది. ఒక పెళ్లికూతురి ముఖానికి ఒక పూట పట్టిన సందర్భాలున్నాయి. స్పిరిట్‌తో తుడిచావంటే ఆ పనితనమంతా దూదికి అంటుకుని పోతుంది. దీపానికి ఎదురుగా పెట్టి భూతద్దంలో చూడు, బుగ్గల దగ్గర సన్నటి గీతలు, చుక్కలు కనిపిస్తే బ్లోయర్‌తో గాలి ఊది వదిలెయ్.

బురుజునీడ, కర్నూలు

పాతస్టూడియో మాస్టారూ, మీరు చెప్పినట్టు తిప్పి పెట్టాను, ఆకాశం శుభ్రంగా వచ్చింది. గీత కూడా పోయింది, గాజు పై చివర నిజంగానే చిన్న నూలుపోగు ఉంది. నలుపుతెలుపు గారికి ధన్యవాదాలు. మా అమ్మానాన్నల స్టూడియో నెగెటివ్ ఒకటి ఉంది. భూతద్దంలో అమ్మ గడ్డం కింద చుక్కలు కనిపించాయి! అమ్మకు చూపిస్తే ఒప్పుకోవడం లేదు.

ఇప్పుడు రంగులవి మిగిలాయి. ఒకే రీలులో ఒక ఫోటో పచ్చగా, పక్కది ఊదాగా వస్తోంది. పాత ప్రింట్లతో పోల్చితే ఏదీ కలవడం లేదు.

నలుపుతెలుపు, హైదరాబాద్

ప్రింట్లతో పోల్చుకోవద్దు. ఆ ప్రింటు రంగు నాడు ల్యాబులో యంత్రం ముందు కూర్చున్న మనిషి నిర్ణయించినది. ఆ తర్వాత ప్రింటూ ఇన్నేళ్లలో వెలిసింది.

రంగుల నెగెటివ్‌కు ఆ నారింజ ఛాయ ఎందుకుందో తెలిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. ఫిల్మ్‌లో ఏర్పడే రంగులు స్వచ్ఛమైనవి కావు. మెజెంటా ఆకుపచ్చ వెలుతురును మాత్రమే ఆపాలి, కానీ కొంత నీలాన్నీ మింగేస్తుంది. సయాన్‌కూ ఇలాంటి దోషమే ఉంది. దాన్ని సరిచేయడానికే ఫిల్మ్ తయారుచేసేవాళ్లు ఆ ఛాయను కావాలని కలిపారు. కాబట్టి తిరగేసేటప్పుడు ఆ నారింజను ఖచ్చితంగా కొలిచి తీసేయాలి. స్కానర్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ ఆటోలో ఉంటే ప్రతి ఫోటోకు కొత్తగా ఊహించుకుంటుంది. ఒకదాంట్లో చెట్లు ఎక్కువ, ఇంకోదాంట్లో ఎర్రచీరలు ఎక్కువ. ఊహ ప్రతిసారీ మారుతుంది.

వ్యూస్కాన్ అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే దారి సులువు. ముందు ప్రివ్యూ చూసి, రెండు ఫోటోల మధ్య ఉండే బొమ్మ లేని ఖాళీ పట్టీని ఎంచుకుని, ఎక్స్‌పోజర్‌ను లాక్ చేయండి. మళ్లీ ప్రివ్యూ చూసి ఫిల్మ్ బేస్ రంగును, అంటే ఆ నారింజను, లాక్ చేయండి. ఆ రీలు మొత్తానికి అదే కొలత వర్తిస్తుంది. కొత్త రీలుకు కొత్తగా చేసుకోవాలి. ఎప్సన్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటానంటే ఆటో ఆపేసి, హిస్టోగ్రామ్‌లో (వెలుగునీడల పటంలో) రెండు కొసలనూ బొమ్మ బయటికి లాగి, చప్పగా ఉన్నా సరే 48 బిట్ టిఫ్ తీసుకోండి. మెరుపు తర్వాత తెచ్చుకోవచ్చు. స్కాన్‌లో కోసేసిన వెలుతురు మాత్రం తిరిగి రాదు.

బుడమేరువాసి, విజయవాడ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. 2024 సెప్టెంబరు వరదలో మా సింగ్‌నగర్ ఇల్లు మునిగింది. నెగెటివ్‌ల పెట్టె నీళ్లలో ఉండిపోయింది. అప్పుడు ఎండలో ఆరబెట్టాము. కొన్ని ముక్కలు ఒకదానికొకటి, కొన్ని ప్లాస్టిక్ కవర్లకు అతుక్కుపోయాయి. మరికొన్నింటి మీద బూజు అల్లుకుంది. వీటికి ఏమైనా దారి ఉందా?

పాతస్టూడియో, రాజమహేంద్రవరం

బాబూ, ముందు రెండింటినీ వేరు చెయ్. అతుక్కున్నవి వేరు, బూజు పట్టినవి వేరు. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదాన్ని చంపుతుంది.

బూజు పట్టినవాటికి నీళ్లు తగలనివ్వద్దు. ఎమల్షన్ అంటే జెలటిన్. బూజు దాన్ని తిని నీళ్లకు కరిగేలా చేసి ఉంటుంది. నీళ్లలో వేస్తే బొమ్మ జారిపోతుంది. ముందు ఉన్నది ఉన్నట్టు స్కాన్ చెయ్. తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను మెత్తటి దూదికి అద్ది, ప్లాస్టిక్ వైపు మొదలుపెట్టి తేలిగ్గా తుడువు. దూదికి రంగు అంటితే అక్కడే ఆపు. బూజు లోపలికి దిగి కొరికేసిన చోట ఎవరూ ఏమీ చేయలేరు.

అతుక్కున్నవాటిని లాగవద్దు. లాగితే ఒకదాని బొమ్మ రెండోదాని వీపు మీద మిగులుతుంది. తడిగా ఉన్నప్పుడే చల్లటి మంచి నీళ్లలో ఉంచి విడదీసి ఉంటే బాగుండేది, ఎండలో ఆరాక కష్టం. ఏ ముఖ్యమూ కాని ముక్కతో ప్రయత్నించు. ప్లాస్టిక్ కవర్‌ను అంచుల వెంట కత్తిరించి, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టు, గది వేడికి మించకూడదు. తనంతట తాను వదిలితే వదిలినట్టు. చివరగా వెటింగ్ ఏజెంట్ (నీటి మరకలు పడకుండా చేసే ద్రవం) ఒకటి రెండు చుక్కలు వేసిన నీళ్లలో ముంచి, ధూళి లేని స్నానాల గదిలో క్లిప్పుకు వేలాడదీసి నీడలో ఆరనివ్వు. ఎమల్షన్ అంచులు లేస్తుంటే ఆపేసి, ఇంట్లో కాకుండా ఫిల్మ్ పరిరక్షణ తెలిసినవాళ్లకు ఇవ్వడం మేలు.

మాక్రోమూర్తి, విశాఖపట్నం

దీనికి చిన్న చేర్పు. విడిపోయే దాకా ఆగకుండా, కవర్‌తో సహా దీపం పలక మీద పెట్టి ఒక ఫోటో తీసి పెట్టుకోండి. మసకగా వచ్చినా సరే. నానబెట్టాక ఏమైనా జరిగితే ఆ మసకే గతి.

గులకరాయి, ఒంగోలు

మా పెట్టె తెరిస్తే పచ్చడి జాడీ తెరిచినంత పులుపు వాసన. నెగెటివ్‌లు అంచుల దగ్గర అలలుగా ఉబ్బాయి. ఇది దేనికి సూచన?

పిక్సెల్‌పురాణం, బెంగళూరు

వెనిగర్ సిండ్రోమ్. ఫిల్మ్‌కు అడుగున ఉండే సెల్యులోజ్ ఎసిటేట్ ప్లాస్టిక్ (బేస్) విరిగి ఎసిటిక్ ఆమ్లం విడుదలవుతోంది. ఆ ఆమ్లమే ఆ క్షీణతను ఇంకా వేగిరపరుస్తుంది, పక్కనున్న ఫిల్మ్‌లకూ అంటిస్తుంది. వేడి, తేమ రెండూ ఉన్న కోస్తాలో ఇది తొందరగా ముదురుతుంది. ఈరోజే వాటిని మిగతావాటి నుంచి వేరు చేయండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో బిగించవద్దు, ఆవిరి లోపలే ఉండిపోతుంది. కాగితపు కవర్లలో, గాలి ఆడేచోట, చల్లగా ఉంచండి. పీవీసీ కవర్లు అసలు వద్దు, పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్ అయితే పర్వాలేదు. స్కాన్ వరుసలో వీటికే మొదటి స్థానం ఇవ్వండి. బేస్ కుంచించుకుపోతూ ఎమల్షన్ మడతలు పడితే ఆ తర్వాత హోల్డర్‌లో చదునుగా కూర్చోబెట్టలేరు.

బురుజునీడ, కర్నూలు

మా వాటికి ఆ వాసన లేదు, హమ్మయ్య. కర్నూలు ఎండ ఇన్నాళ్లకు ఒక మంచిపని చేసినట్టుంది. నాన్నగారి పెట్టెలో ఇందు ఫిల్మ్ ఖాళీ అట్టపెట్టె ఒకటి కూడా దొరికింది. దాన్ని పారేయబుద్ధి కాలేదు.

రెండు చిన్న ప్రశ్నలు. రంగుల నెగెటివ్‌లు కొన్ని పూర్తి పదునుగా లేవు, ఫోకస్ సరిచేసే మార్గం ఉందా? నలుపు తెలుపువి గ్రేలో చేయాలా, రంగుల్లో చేయాలా?

పాతస్టూడియో, రాజమహేంద్రవరం

ఇందు అంటే ఊటీలోని హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ సరుకు. 1967లో అక్కడ తయారీ మొదలైంది. మా స్టూడియోలో నలుపు తెలుపు పేపర్ కూడా వాళ్లదే వాడేవాళ్లం. దిగుమతి ఫిల్మ్ దొరకని రోజుల్లో అదే దిక్కు. అట్టపెట్టెనూ స్కాన్ చేసి పెట్టుకో.

పిక్సెల్‌పురాణం, బెంగళూరు

ఫోకస్: వి600లో అది స్థిరం, మీట ఏదీ లేదు. మార్చగలిగేది హోల్డర్ ఎత్తు మాత్రమే. సన్నటి వివరం ఉన్న ఫోటో ఒకటి ఎంచుకోండి, దుకాణం బోర్డు మీద అక్షరాలు ఉన్నదైతే మంచిది. మామూలుగా ఒకసారి, హోల్డర్ నాలుగు మూలల కింద విజిటింగ్ కార్డు మందం ముక్కలు పెట్టి ఒకసారి, రెండేసి పెట్టి ఇంకోసారి స్కాన్ చేయండి. షార్పెనింగ్ పూర్తిగా ఆపేసి మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ అక్షరాల అంచులు గట్టిగా ఉంటే అదే మీ యంత్రం ఎత్తు. ఒక్కో యంత్రానికి అది కాస్త తేడాగా ఉంటుంది. అయితే పక్కపక్కనున్న రెండు ఫోటోల్లో ఒకటి పదునుగా, ఒకటి మసకగా ఉంటే అది నాన్నగారి చెయ్యి కదిలిన ఫలితం, కార్డులతో తీరదు.

నలుపుతెలుపు, హైదరాబాద్

నలుపు తెలుపు ప్రశ్నకు: 16 బిట్ గ్రేలో చేస్తే చాలు, ఫైలు మూడోవంతు అవుతుంది. ఓపిక ఉంటే ఒక ఫోటోను 48 బిట్ రంగుల్లో చేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లను విడివిడిగా తెరిచి చూడండి. చాలా ఫ్లాట్‌బెడ్‌లలో మూడూ ఒకే పదునుతో ఉండవు, తరచూ ఆకుపచ్చది గెలుస్తుంది. మీ యంత్రంలోనూ తేడా కంటికి ఆనితే ఆ ఒక్క చానెల్‌ను ఉంచుకుని మిగతావి వదిలేయండి. ఆనకపోతే గ్రేలోనే కానివ్వండి. ఫైలు పేరులో కవర్ నంబరు, దాని పక్కన ఫిల్మ్ అంచు మీది ఫోటో నంబరు రాస్తే తర్వాత ఏ నెగెటివ్ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.